తెల్లవారుజామున టర్కీ పుంజును పిలవాలంటే: ఏ కాల్ కొనాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు ఊరుకోవాలి

ఏప్రిల్‌లో టెక్సాస్ హిల్ కంట్రీలో, సూర్యోదయానికి ముప్పావు గంట ముందు, వాగు ఒడ్డున చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నారనుకోండి. వెలుగు ఇంకా రాలేదు. ఎక్కడో పైకొమ్మల్లోంచి అడవి టర్కీ పుంజు ఒక్కసారిగా గాబుల్ చేస్తుంది. తొలికోడి కూత వింటూ పెరిగినవాళ్లకి కూడా ఆ అరుపు కొత్తగానే ఉంటుంది. కూతలాగా సాగదు, గొంతులో గులకరాళ్లు దొర్లినట్టు గబగబా దొర్లి ఆగిపోతుంది. ఒకసారి విన్నాక మళ్లీ వినాలనిపిస్తుంది, అప్పుడే కాల్‌లు, అంటే పెట్ట గొంతుని అనుకరించి పుంజుని రప్పించే పరికరాలు, కొనాలన్న ఆలోచన మొదలవుతుంది.

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో వేటకి వస్తామనేవాళ్లు ఈమధ్య పెరిగారు. వాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. షాపులో గోడ నిండా కాల్‌లు వేలాడుతున్నాయి, ఏది కొనాలి? నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి సీజన్‌కి ఒక పలక కాల్ చాలు. మిగిలిన డబ్బు పెట్రోలుకి పెట్టండి, మిగిలిన సమయం పుంజు ఏ చెట్టు మీద పడుకుంటుందో వెతకడానికి పెట్టండి. ఎందుకంటే కాల్ బాగా వాయించేవాడికన్నా సరైన చోట కూర్చుని నోరు కట్టుకున్నవాడికే పుంజులు ఎక్కువగా దొరకడం నేను చూశాను.

కాల్‌లని పోల్చే ముందు ఈ పిలుపు అసలు ఎలా పనిచేస్తుందో తెలియాలి. ప్రకృతిలో పుంజు ఒకచోట పురి విప్పి నిలబడి గాబుల్ చేస్తుంది, పెట్ట నడుచుకుంటూ దాని దగ్గరికి వెళ్తుంది. మనం పెట్టలా అరిచి పుంజునే మన దగ్గరికి రమ్మంటున్నాం. అంటే దాని స్వభావానికి ఎదురు వెళ్తున్నాం. అందుకే అది వంద గజాల దూరంలో ఆగిపోయి, ఆ పెట్ట తనే వస్తుందిలే అని అరగంట అక్కడే నిలబడుతుంది. అప్పుడు ఎంత ఎక్కువ పిలిస్తే అది అంత నింపాదిగా అక్కడే ఉండిపోతుంది.

పెట్టె, పలక, నోటి కాల్

పెట్టె కాల్ అంటే పలచటి చెక్కలతో చేసిన సన్నటి పొడుగు పెట్టె, పైన ఒక తెడ్డులాంటి మూత. మూత అడుగున సుద్ద రాసి పెట్టె అంచు మీద రుద్దితే పెట్ట గొంతు వస్తుంది. అమెరికాలో దీనికి 1897లోనే పేటెంట్ ఉంది, ఆర్కన్సాకి చెందిన హెన్రీ గిబ్సన్ తీసుకున్నాడు. చేతికి తీసుకున్న 10 నిమిషాల్లో ఎవరైనా నమ్మదగిన యెల్ప్, అంటే పెట్ట మామూలుగా పిలిచే అరుపు, తీయగలరు. గాలి బాగా వీచే రోజున, మైదానానికి అవతల ఉన్న పుంజుకి వినిపించాలంటే దీన్ని మించింది లేదు. పశ్చిమ టెక్సాస్ గాలుల్లో నేను దీన్నే బయటికి తీస్తాను.

దీని లోపం తడి. మిస్సోరిలో ఒక వేకువన తుంపర పడుతుండగా నా పెట్టె కాల్ మూత తడిసింది. చెట్టు మీంచి దిగిన పుంజు 150 గజాల్లో గాబుల్ చేస్తోంది. నేను మూత కదిపితే చప్పుడే లేదు, చెక్క మీద చెయ్యి రాసినట్టు ఉంది. ఆ పుంజు నెమ్మదిగా వేరే దిక్కుకి వెళ్లిపోయింది. అప్పటినుంచి దాన్ని బ్రెడ్ వచ్చే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంటున్నాను. పాత వేటగాళ్లు సంచిలోంచి బయటికి తీయకుండానే వాయిస్తారు కూడా. ఇంకో సంగతి: రుద్దే సుద్దలో నూనె ఉండకూడదు. కాల్‌ల కోసం విడిగా అమ్మే సుద్దనే వాడండి.

పలక కాల్ గుండ్రటి చిన్న డబ్బీలా ఉంటుంది. పైన పలక రాయి గానీ గాజు గానీ అల్యూమినియం గానీ బిగించి ఉంటుంది, దాని మీద స్ట్రైకర్ అనే పుల్లతో గీయాలి. మనం ఒకటో తరగతిలో పలక మీద బలపంతో సున్నాలు చుట్టాం కదా, అప్పుడప్పుడు కీచుమని శబ్దం వచ్చేది. ఆ చెయ్యే ఇక్కడ పనికొస్తుంది. పుల్లని పెన్సిల్‌లా పట్టుకుని, పలక అంచుకి కాస్త లోపల, మొన పైకి లేపకుండా చిన్న చిన్న కోడిగుడ్డు ఆకారాలు గీయండి. యెల్ప్ వస్తుంది. చిన్నగా లోపలికి ఒక్క గీత లాగితే క్లక్ అనే పొట్టి పలుకు. నెమ్మదిగా, బరువు వేయకుండా లాగితే పెట్ట మేస్తూ తనలో తను గునుస్తున్నట్టు పర్ర్ వస్తుంది.

డబ్బీని అరచేతిలో పూర్తిగా ఆనించి పట్టుకోకండి. అడుగున రంధ్రాలుంటాయి, వాటిలోంచే ధ్వని వస్తుంది. వేళ్ల కొసలతో పట్టుకుని కింద ఖాళీ ఉంచాలి. పలక మీద వేలు పెట్టకూడదు, చేతి జిడ్డు అంటితే పుల్ల జారిపోతుంది. రాతి పలకని గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో, గాజుని గరుకు కాగితంతో ఒకే దిక్కుగా రుద్ది గరుకు చేసుకోవాలి.

రాయా, గాజా అంటే మొదటివాళ్లకి రాయే. దాని గొంతు మెత్తగా, కాస్త బొంగురుగా ఉంటుంది. వేకువన గాలి కదలని వేళ, పుంజు ఇంకా కొమ్మ మీదే ఉన్నప్పుడు అలాంటి నెమ్మది గొంతే కావాలి. గాజు గొంతు పదునుగా దూరం పోతుంది, పొద్దెక్కాక బాగుంటుంది. ఒకే డబ్బీకి రెండు పుల్లలు, ఒకటి చెక్కది, ఒకటి కార్బన్‌ది, పెట్టుకుంటే రెండు రకాల పెట్టలు మాట్లాడినట్టు ఉంటుంది. తడిసిన రోజున గాజు మీద కార్బన్ పుల్ల పనిచేస్తుంది, రాతి మీద చెక్క పుల్ల మొరాయిస్తుంది.

మూడోది నోటి కాల్. గుర్రపు నాడా ఆకారంలో చిన్న చట్రం, దానికి పలచటి రబ్బరు పొరలు బిగించి ఉంటాయి. అంగిట్లో పెట్టుకుని నాలుకతో అదిమి గాలి వదలాలి. అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువమంది దీన్నే వాడతారు, దానికి బలమైన కారణం ఉంది. రెండు చేతులూ తుపాకి మీదే ఉంటాయి. పుంజు 60 గజాల్లో మెడ చాచి చూస్తున్నప్పుడు పెట్టె గానీ పలక గానీ వాయిస్తే ఆ చేతి కదలిక దాని కంట పడుతుంది. టర్కీ చూపు మామూలుది కాదు. తల కాస్త తిప్పితే చాలు, చుట్టూ చూసేస్తుంది. రంగులు కూడా గుర్తుపడుతుంది.

కానీ నోటి కాల్ ఒక్క రోజులో రాదు. మొదటి వారం వాంతి వచ్చేలా ఉంటుంది, రెండో వారం బాతులా అరుస్తుంది. రోజూ ఆఫీసుకి వెళ్తూ వస్తూ కారులో సాధన చేస్తే నెలకి దారిలో పడుతుంది. ధర మాత్రం తక్కువ, 10 డాలర్ల దగ్గర్లో దొరుకుతుంది. పలక, పెట్టె కాల్‌లు మామూలువి 20 నుంచి 40 డాలర్ల మధ్య ఉంటాయి. నోటి కాల్ కొంటే చిన్న చట్రం, రెండు పొరలు ఉన్నది తీసుకోండి. వాడాక కడిగి, పొరల మధ్య టూత్‌పిక్ పెట్టి, ఫ్రిజ్‌లో దాచండి. లేటెక్స్ పడనివాళ్లు దీని జోలికి పోవద్దు. జనవరిలో ఇది చదువుతుంటే ఇప్పుడే ఒకటి కొని మొదలుపెట్టండి. సీజన్ వచ్చే వారమైతే వచ్చే ఏడు చూసుకోండి.

నొక్కితే అరిచే పుష్ బటన్ కాల్ కూడా ఉంది. పిల్లలకి మంచిది. దాని క్లక్, పర్ర్ నిజంగా బాగుంటాయి, గట్టిగా మాత్రం అరవదు. నడిచేటప్పుడు జేబులో దానంతటదే కూయకుండా రబ్బరు బ్యాండు వేసి పెట్టుకోండి.

రెక్క ఎముక కాల్ గురించి ఒక్క మాట. టర్కీ రెక్కలోని మూడు ఎముకలని ఒకదానిలో ఒకటి దూర్చి, గాలి లోపలికి పీల్చి వాయించేది. యూరోపియన్లు రాకముందే ఇక్కడి మూలవాసులు ఇలాంటివి చేసుకున్నారు. మీరు కొట్టిన మొదటి పుంజు ఎముకలతో మీ చేత్తో ఒకటి చేసుకుంటే దానికి సాటి లేదు. మొదటి కాల్‌గా మాత్రం వద్దు.

కొమ్మ మీద ఉండగా ఎంత పిలవాలి

కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ అరగంటలోనే, అందుకే దీని గురించి ఎక్కువ చెప్తాను.

టర్కీలు రాత్రి చెట్ల మీద పడుకుంటాయి. టెక్సాస్‌లో ఉండే రియో గ్రాండ్ రకం వాగుల వెంట పెద్ద పెకాన్, లైవ్ ఓక్, కాటన్‌వుడ్ చెట్లని వెతుక్కుని ఏటా దాదాపు అవే చెట్లకి వస్తుంది. తూర్పు రాష్ట్రాల ఈస్టర్న్ రకం అడవిలో చోటు మారుస్తూ ఉంటుంది. అందుకే ముందురోజు సాయంత్రం పొద్దు గుంకే వేళకి వెళ్లి వినాలి. బరువైన రెక్కలు కొమ్మలకి తగిలే చప్పుడు వినిపిస్తుంది. పుంజు గాబుల్ చేయకపోతే గుడ్లగూబలా గానీ కాకిలా గానీ అరిస్తే ఉలిక్కిపడి బదులిస్తుంది. షాపుల్లో నెమలి అరుపు కాల్ కూడా అమ్ముతారు. మన పొలాల గట్ల మీద వినే ఆ క్రేంకారాన్ని టెక్సాస్ అడవిలో టర్కీని పలికించడానికి వాడతారని తెలిసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది. ఇవి పుంజుని పిలిచే కాల్‌లు కావు, ఎక్కడుందో తెలుసుకోవడానికే.

మర్నాడు సూర్యోదయానికి గంట ముందే కూర్చుని ఉండాలి. చెట్టుకి 100 నుంచి 150 గజాల దూరం చాలు. ఇంకా దగ్గరికి పోతే చీకట్లో ఎండుటాకుల చప్పుడుకే అది దిగి అటుపక్కకి వెళ్తుంది. మీకూ దానికీ మధ్య వాగు, కంచె, దట్టమైన పొద లేకుండా చూసుకోండి. వీలైతే దానికన్నా ఎత్తులోనో సమానంగానో కూర్చోండి. పల్లంలోకి రావడం కన్నా ఎత్తుకి ఎక్కడానికి అది తేలిగ్గా ఒప్పుకుంటుంది.

ఇక పిలుపు. కొమ్మ మీద అది 20 సార్లు గాబుల్ చేసినా మీరు మెత్తగా మూడు నాలుగు యెల్ప్‌లు, నిద్రలేచిన పెట్ట గొణిగినట్టు, ఒక్కసారి వేసి పలకని ఒళ్లో పెట్టేయండి. అది బదులిచ్చిందా? మీరున్న చోటు దానికి తెలిసిపోయింది. ఇక మీరు మాట్లాడితే అది కొమ్మ మీదే ఉండి, ఆ పెట్ట తన చెట్టు కిందకి వచ్చేదాకా చూస్తుంది. ఎంత చెప్పినా ఎవరూ ఆగలేని ఘట్టం ఇదే. అది అరుస్తుంటే మనకీ అరవాలనిపిస్తుంది. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

అది నేలకి దిగిన చప్పుడు విన్నాక రెండు క్లక్‌లు, ఒక యెల్ప్ వరస వేయండి. కొందరు టోపీతో తొడ మీద టపటపా కొట్టి, పెట్ట రెక్కలు కొట్టుకుంటూ దిగినట్టు చేస్తారు, అది బాగానే పనిచేస్తుంది. స్వరం అచ్చంగా రాకపోయినా పరవాలేదు, అడవిలో పాడైన గొంతు పెట్టలు చాలా ఉంటాయి. లయ తప్పకూడదు. క్యావ్, క్యావ్, క్యావ్ అని సమానమైన ఎడంతో నాలుగైదు, అంతే.

వేకువా, తొమ్మిదింటికా?

వేకువ వినసొంపుగా ఉంటుంది, తొమ్మిది తరవాత వేట బాగుంటుంది. ఉద్యోగం వల్ల వారానికి ఒక్క పూటే దొరికితే ఏది ఎంచుకోవాలని అడిగితే, నేను రెండూ అంటాను, కానీ వేకువన దొరకలేదని ఏడున్నరకే కారెక్కొద్దు. నేలకి దిగిన పుంజు చుట్టూ నిజమైన పెట్టలు ఉంటే మీ కాల్‌ని పట్టించుకోదు. తొమ్మిది, పదకొండు మధ్య ఆ పెట్టలు గుడ్లు పెట్టడానికి ఒక్కొక్కటే జారుకుంటాయి. ఒంటరిగా మిగిలిన పుంజు పొద్దున మీ గొంతు ఎక్కడ విన్నదో అక్కడికి, చాలాసార్లు చప్పుడు చేయకుండా, నడిచి వస్తుంది. నేను కొట్టిన పుంజుల్లో సగానికి పైగా ఈ వేళలోనివే. కొన్ని రాష్ట్రాల్లో వసంత సీజన్‌లో మధ్యాహ్నానికే వేట ఆపేయాలి, మీ రాష్ట్రం నియమం చూసుకోండి.

దీమం పెట్టాలా?

మన పల్లెల్లో పూర్వం పిట్టల్ని పట్టేవాళ్లు దీమం పిట్టని పెట్టేవాళ్లు. ఇక్కడ డికాయ్ అంటారు, ప్లాస్టిక్ బొమ్మ. గడ్డి మైదానం అంచున కూర్చుంటే ఒక పెట్ట దీమం 20 గజాల్లో పెట్టడం మంచిదే, పుంజు కళ్లు మీ మీద కాకుండా దాని మీద ఉంటాయి. దట్టమైన అడవిలో అక్కర్లేదు, పెట్ట కోసం వెతుక్కుంటూ పుంజే దగ్గరికి రావాలి. పుంజు దీమాన్ని, ముఖ్యంగా పబ్లిక్ భూమిలో, నేను పెట్టను. ఇంకో వేటగాడు దాన్ని నిజమనుకుని కాల్చే ప్రమాదం ఉంది. పుంజు తోక విసనకర్రలా ముందు పట్టుకుని పాకుతూ వెళ్లే పద్ధతిని వీడియోల్లో చూసే ఉంటారు. దయచేసి చేయకండి.

తుపాకి, వీసా

12 గేజ్, 20 గేజ్ మధ్య పెద్ద చర్చ అక్కర్లేదు (గేజ్ అంటే తుపాకి గొట్టం లావు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం). ఇప్పుడున్న మంచి షెల్స్‌తో 20 గేజ్ చాలు, బరువు తక్కువ, భుజానికి తన్ను తక్కువ. ఇప్పటికే 12 ఉంటే అదే వాడండి. ముఖ్యమైంది చోక్, అంటే గుళ్లు చెదరకుండా గొట్టం కొసన బిగించే ముక్క, ఆపైన కాగితం మీద పరీక్ష. టర్కీని రొమ్ము మీద కాల్చకూడదు, తల, మెడ మీద గురిపెట్టాలి. అందుకే బిగువైన టర్కీ చోక్ బిగించి, 40 గజాల్లో కాగితం మీద కాల్చి, గుళ్లు ఎంత దగ్గరగా పడుతున్నాయో చూడండి. సరిగ్గా పడకపోతే మీ హద్దు 30 గజాలే. దెబ్బ తిని ఎగిరిపోయిన పక్షి గుర్తొస్తే రాత్రి నిద్ర పట్టదు.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది వీసా సంగతి. హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే దీనికి మినహాయింపు ఉంది. కాబట్టి వరస ఇదీ: ముందు హంటర్ ఎడ్యుకేషన్ అనే శిక్షణ, తరవాత లైసెన్సు, ఆ తరవాతే తుపాకి. స్నేహితుడి తుపాకి చేతిలోకి తీసుకునేముందు కూడా ఇదే వరస. గ్రీన్ కార్డు ఫైల్‌లో ఉంటే లాయర్‌ని ఒకసారి అడగండి. ఏ టెన్షన్ వద్దనుకుంటే విల్లు ఉంది, దానికి ఈ చట్టం వర్తించదు, లైసెన్సు మాత్రం కావాలి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. టర్కీకి లైసెన్సుతో పాటు అప్‌ల్యాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ అనే అదనపు అనుమతి కూడా తీసుకోవాలి.

మన దేశంలో 1972 చట్టం తరవాత అడవి జంతువుల వేట నేరమని పెరిగినవాళ్లం కాబట్టి కొందరికి ఇక్కడి వేట మనసుకి ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది న్యాయమైనదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో అడవి టర్కీ చాలా రాష్ట్రాల్లో పూర్తిగా మాయమైపోయింది. 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసిన పన్ను, లైసెన్సుల డబ్బు, మిగిలిన చోట్ల వలలతో పట్టి ఖాళీ అడవుల్లో వదిలిన పనీ కలిసి దాన్ని వెనక్కి తెచ్చాయి. 1973లో మొదలైన నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ ఈ పనిలో ముందుంది. మీరు కొనే లైసెన్సు డబ్బు ఆ పనికే వెళ్తుంది. అందుకే పుంజు గడ్డం, అంటే రొమ్ము మీద వేలాడే, వెంట్రుకల్లా కనిపించే ఈకల కుచ్చు, స్పష్టంగా కనిపించేదాకా కాల్చకండి. పొరపాటున పెట్టని కొట్టకూడదు, వసంతం అది గూడు మీద ఉండాల్సిన కాలం.

ఎవరి భూమిలో

టెక్సాస్‌లో చాలా భాగం ప్రైవేటు భూమి. ర్యాంచ్ యజమానికి డబ్బు కట్టి ఒకటి రెండు రోజులు వేటాడొచ్చు. ఖర్చు ఎక్కువ, కానీ పుంజులు జంకు లేకుండా ఉంటాయి, చుట్టూ వేరే వేటగాళ్లు ఉండరు. మొదటిసారి కుటుంబంలో ఒక పిల్లాడినో పిల్లనో వెంటబెట్టుకుని వెళ్తుంటే ఇదే నా సలహా. డబ్బు ఆలోచిస్తే ఏడాది పబ్లిక్ హంటింగ్ పర్మిట్ చవక. అక్కడి పుంజులు అందరి కాల్‌లూ విని విసిగి ఉంటాయి కాబట్టి పెట్టె కాల్ మోత తగ్గించి పలక మీద క్లక్, పర్ర్‌లతోనే సరిపెట్టుకోవాలి.

పబ్లిక్ భూమిలో ఎరుపు, తెలుపు, నీలం ఒంటి మీద ఎక్కడా కనిపించకూడదు, సాక్సు, లోపలి చొక్కా, చేతి రుమాలుతో సహా. పుంజు తల మీద ఉండే రంగులు అవే. భుజాల కన్నా వెడల్పైన చెట్టుకి వీపు ఆనించండి. గాబుల్ వినిపించిన వైపు పొంచి నడవకండి, అది మనిషి చేసిన గాబుల్ కావచ్చు. ఎవరైనా మీ వైపు వస్తుంటే చెయ్యి ఊపకండి, కదలకుండా గట్టిగా మాట్లాడండి. పుంజు దొరికితే అక్కడే ట్యాగ్ కట్టి, మీ రాష్ట్రం చెప్పిన గడువులో రిపోర్ట్ చేయండి. తరవాత దాన్ని నారింజ రంగు గుడ్డలో పూర్తిగా చుట్టి, రెక్క గానీ తోక గానీ బయటికి వేలాడకుండా చూసుకుని, అప్పుడే భుజానికి ఎత్తుకుని కారు దాకా నడవండి.